రిపేరు తర్వాత ఆగని టకటక: ఇంజన్ శబ్దాల డైరీ

## ఎక్కడ మొదలైంది

బండి 1.2 లీటర్ల పెట్రోల్. నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, వాటిని తెరిచే ఇరుసులైన రెండు క్యామ్‌షాఫ్టులు, ఆ క్యామ్‌లను తిప్పే టైమింగ్ చైన్. క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే టాపెట్లు హైడ్రాలిక్ రకం (సందును తామే సర్దుకునేవి) కావు, మామూలు బకెట్ రకం. ఒకసారి బాగా వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయింది. గ్యారేజీలో హెడ్ దించి, ఫేసింగ్ (ముఖం చదును) చేయించి, వాల్వులు లాపింగ్ చేసి (సీట్లలో రుద్ది అమర్చి), కొత్త గాస్కెట్‌తో ఎక్కించి ఇచ్చారు. మీటర్ 86,412. నీళ్లు తగ్గడం ఆగింది, వేడి అదుపులోకి వచ్చింది. ఆ పని వరకు బాగానే చేశారు. కానీ లోపలికి వెళ్లినప్పుడు లేని శబ్దాలతో బండి బయటికొచ్చింది.

"కొత్తగా బిగించాం కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుంది" అన్నారు. 410 కిలోమీటర్లు తిరిగాను. కొంచెం కూడా తగ్గలేదు. కొత్త పిస్టన్ రింగులు వేస్తే సర్దుకోవడానికి కొంత దూరం తిరగాలి, నిజమే. హెడ్ దించి ఎక్కించిన పనిలో అలా అరిగి సర్దుకోవాల్సిన భాగం ఏదీ లేదు. ఇది తెలిసుంటే ఆ 410 కూడా తిప్పేవాణ్ణి కాదు.

కింద రాసిన క్లియరెన్సులు (సందులు), టార్క్ (బిగింపు బలం) అంకెలు నా ఇంజన్ మాన్యువల్‌లోవి. మీ ఇంజన్‌కి వేరుగా ఉంటాయి. పద్ధతి తీసుకోండి, అంకెలు తీసుకోవద్దు.

## దశ 1: వినిపించేది ఒక్క శబ్దం కాదు

మొదటి వారం ఒకే శబ్దం అనుకుని ఒకే కారణం కోసం వెతికాను. ఏదీ పూర్తిగా సరిపోలేదు. రెండో వారం కాగితం తీసుకుని ఏది ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో రాశాను. అప్పుడు మూడు కనిపించాయి.

1. గలగల. పొద్దున మొదటి స్టార్ట్‌కి మాత్రమే. 3 సెకన్లు. చైన్ కవర్ వైపు.
2. టకటక. ఎప్పుడూ ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గట్టిగా, 6 నిమిషాల తర్వాత సన్నగా.
3. జిర్రు. 2,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర మాత్రమే. కింది నుంచి.

రెండోదే నిద్రపట్టనివ్వనిది. దాని లయ కొలవడానికి ఫోన్‌ను ఆయిల్ మూతకి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఫ్యాన్ తిరగని సమయం చూసి రికార్డు చేశాను. ఆడియో ఎడిట్ చేసే యాప్‌లో తెరిస్తే గీత మీద శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి 154 మిల్లీసెకన్లు.

లెక్క ఇలా. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) 780 ఆర్‌పీఎం అంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) సెకనుకు 13 చుట్లు, చుట్టుకు 77 మిల్లీసెకన్లు. క్యామ్ దానిలో సగం వేగంతో తిరుగుతుంది, చుట్టుకు 154. అంటే నా శబ్దం క్రాంక్ రెండు చుట్లు తిరిగినప్పుడు ఒకసారి వస్తోంది. మూలం ఒక వాల్వు దగ్గరో, ఒక ఇంజెక్టర్ దగ్గరో, ఒక సిలిండర్‌లో పేలుడు జరిగినప్పుడల్లా కదిలే దేని దగ్గరో ఉందన్నమాట. బెల్టు పుల్లీలకు ఈ లయ ఉండదు. అయినా బెల్టు తీసేసి 40 సెకన్లు నడిపి చూశాను. తేడా లేదు. నీళ్ల పంపు కూడా ఆ బెల్టు మీదే నడుస్తుంది, అందుకే అంతకు మించి నడపకూడదు.

ఇప్పటిదాకా: 3 గంటలు. మార్చిన భాగాలు 0. శబ్దాలు 3, తగ్గినవి 0.

## దశ 2: ముందు భయం తేల్చుకోవాలి

క్యామ్ లయలో మోగేవాటిలో కనెక్టింగ్ రాడ్ బేరింగ్ (పిస్టన్ కడ్డీ క్రాంక్‌ను పట్టుకునే చోటి బేరింగ్) కూడా ఉండొచ్చు, పేలుడు బలం దాని మీద రెండు చుట్లకు ఒకసారే పడుతుంది కాబట్టి. అదే నిజమైతే బండి కదిపే ప్రతి కిలోమీటరూ నష్టమే. అందుకే మిగతావన్నీ ఆపి ముందు దీన్ని చూశాను.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించాను. డాష్‌బోర్డు దీపం మీద ఆధారపడొద్దు, అది ప్రెషర్ దాదాపు పడిపోయాకే వెలుగుతుంది.

చల్లటి ఐడిల్: 58 పీఎస్ఐ
వేడి ఐడిల్: 22 పీఎస్ఐ
వేడిగా 3,000 ఆర్‌పీఎం: 54 పీఎస్ఐ

వెయ్యి ఆర్‌పీఎంకి కనీసం 10 పీఎస్ఐ ఉండాలనేది పాత మెకానిక్కుల లెక్క. దానికి చాలా పైనే ఉంది.

తర్వాత ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి, పది సెకన్లు విని, మళ్లీ పెట్టడం. ఇగ్నిషన్ కాయిల్ తీస్తే కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడు చేస్తుంది. అందుకే ఇంజెక్టరే తీయాలి. చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది, తర్వాత స్కానర్‌తో చెరిపేయొచ్చు.

చల్లగా ఉన్నప్పుడు 1, 2, 4 సిలిండర్లు ఆపితే మార్పు లేదు. 3 ఆపితే శబ్దం సగానికి పడిపోయింది.

ఆ సాయంత్రం బాగా టెన్షన్ పడ్డాను. పేలుడు ఆపితే శబ్దం తగ్గడం రాడ్ బేరింగ్ లక్షణమే. కానీ మరుసటి రోజు ఇంజన్ వేడెక్కాక అదే పరీక్ష చేస్తే ఏ సిలిండర్ ఆపినా మార్పు లేదు. అరిగిన బేరింగ్ వేడెక్కిన కొద్దీ, ఆయిల్ పల్చబడిన కొద్దీ గట్టిగా మోగాలి. ఇది తిరగబడి ఉంది. పైగా రాడ్ శబ్దం బరువుగా, లోతుగా ఉంటుంది, లోడ్ పడితే పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నాది పెరగలేదు. బేరింగ్ కాదని నిర్ణయించుకున్నాను.

సగం ఎందుకు తగ్గింది, మిగతా సగం ఎందుకు ఉంది అన్న ప్రశ్న మాత్రం ఆ రోజు వేసుకోలేదు. అక్కడే ఆగి ఆలోచించి ఉంటే పది రోజులు మిగిలేవి.

కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) కూడా చూశాను. వేడి ఇంజన్, నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోల్ సరఫరా ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పెట్టి: 178, 174, 180, 176 పీఎస్ఐ. అన్నీ బాగున్నాయని డైరీలో గీత కొట్టేశాను. 2వ సిలిండర్ గురించి ఈ పరీక్ష నాకు ఏమీ చెప్పలేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానో 6వ దశలో తెలుస్తుంది.

ఇప్పటిదాకా: 7.5 గంటలు. మార్చిన భాగాలు 0. శబ్దాలు 3, తగ్గినవి 0.

## దశ 3: చిక్కటి ఆయిల్ వేసిన తప్పు

"టాపెట్ శబ్దమే అయితే 20డబ్ల్యూ50 వేయండి, మూసుకుపోతుంది" అని నమ్మకమైన మనిషే చెప్పారు. ఉన్న పల్చటి 5డబ్ల్యూ30 ఆయిల్ తీసేసి ఆ చిక్కటిది వేశాను, 3.5 లీటర్లు. ఫిల్టర్ ముట్టుకోలేదు.

టకటక కొంచెం మెత్తబడింది. కానీ పొద్దున్నే వచ్చే గలగల 3 సెకన్ల నుంచి 6 సెకన్లకు పెరిగింది. చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే ముందుకు వస్తుంది. చిక్కటి ఆయిల్ చలిలో అక్కడికి చేరడానికి ఎక్కువసేపు తీసుకుంది, అప్పటిదాకా చైన్ గైడ్‌లకు కొట్టుకుంటూనే ఉంది.

రెండు రోజులు, 46 కిలోమీటర్లు. ఆ తర్వాత తీసేశాను. ఇంజన్‌లో ఉన్న సందు ఎంతో అంతే ఉంది, దాని చప్పుడు మాత్రం కప్పుకుపోయింది. కప్పిపెట్టిన శబ్దాన్ని కొలవడం కూడా కష్టం. ఈ పని ఎవరూ చేయొద్దు.

ఇప్పటిదాకా: 9.5 గంటలు. వృథా అయిన ఆయిల్ 3.5 లీటర్లు. శబ్దాలు 3, తగ్గినవి 0.

## దశ 4: గలగల, ఆయిల్ ఫిల్టర్

పాత గ్రేడుకి మారేటప్పుడు రాత్రంతా బండి ఆపి, పొద్దున స్టార్ట్ చేయకుండానే ఫిల్టర్ విప్పాను. మా ఇంజన్‌లో ఫిల్టర్ అడ్డంగా ఉంటుంది. ఇంజన్ ఆగినప్పుడు అందులోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా లోపల ఒక రబ్బరు వాల్వు అడ్డుపడాలి. విప్పిన ఫిల్టర్‌లో సగం కూడా ఆయిల్ లేదు. హాక్సా బ్లేడుతో కోసి చూస్తే ఆ రబ్బరు అంచు ఒకవైపు మడతపడి ఉంది. రిపేరు సమయంలో వేసిన ఫిల్టర్ అది.

కంపెనీ చెప్పిన ఫిల్టర్ వేసి, 5డబ్ల్యూ30 నింపాను. మరుసటి పొద్దున గలగల సెకను కూడా లేదు. తర్వాతి నాలుగు రోజులూ అంతే. మొదట్లోనూ ఆయిల్ ఇదే గ్రేడు కాబట్టి, 3 సెకన్లకూ ఇప్పటికీ తేడా ఫిల్టర్ ఒక్కటే అని ధైర్యంగా చెప్పగలను.

ఇప్పటిదాకా: 10.5 గంటలు. మార్చిన భాగాలు 1. శబ్దాలు 3, తగ్గినవి 1.

## దశ 5: టపటప, మానిఫోల్డ్ (రెండుసార్లు)

పొడవాటి స్క్రూ డ్రైవర్‌ను టాపెట్ కవర్ మీద ఆనించి పిడిని చెవికి పెట్టుకుని వినడం అందరూ చేసేదే. నేనూ చేశాను. 3వ సిలిండర్ పైన అన్నిటికంటే గట్టిగా వినిపించింది. కానీ ఆ కవర్ పల్చటిది, డప్పులా మోగుతుంది. కింద ఎక్కడ కొట్టినా పైన వినిపిస్తుంది.

ఈసారి స్టెతస్కోపు ఇనుప కడ్డీ తీసేసి రబ్బరు గొట్టం మాత్రమే ఉంచాను. గొట్టం దేనికీ తగలదు కాబట్టి లోహంలో పాకే చప్పుడు వినిపించదు, గాలి శబ్దమే వస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి గొట్టం కొసను ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల భాగం) అంచు వెంట నడిపాను. 1 దగ్గర ఏమీ లేదు. 2 ఏమీ లేదు. 3వ పోర్టు కింద టప్, టప్, టప్ అని చెవిలో కొట్టింది. హీట్ షీల్డ్ తీసి చూస్తే అక్కడ నల్లటి మసి చార.

అప్పుడు అర్థమైంది, నేను ఒకటనుకున్న టకటకలో రెండు శబ్దాలున్నాయి. ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ లీకు కూడా రెండు చుట్లకు ఒకసారే కొడుతుంది. వాల్వు కూడా అంతే. లయ కొలిచి ఈ రెంటినీ విడదీయలేం. పేలుడు ఆపితే లీకు శబ్దం పోతుంది, వాల్వు శబ్దం పోదు. ఆ సగం తగ్గడం అందుకే. లోహం వేడెక్కి వ్యాకోచించాక సందు మూసుకుంటుంది, ఆరు నిమిషాల లెక్క అదే.

మొదటి ప్రయత్నం, 5 గంటలు. మానిఫోల్డ్ విప్పాను. గాస్కెట్ పాతదే మళ్లీ వేసి ఉంది. 3వ పోర్టు కింది స్టడ్ (తల లేని బోల్టు) మర అరిగి నట్టు వదులుగా తిరుగుతోంది. తుప్పు వదిలించే ఆయిల్ చల్లి రాత్రంతా ఉంచి, స్టడ్ మీద రెండు నట్లను ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టును తిప్పి స్టడ్ బయటికి తీశాను. కొత్త స్టడ్, కొత్త గాస్కెట్, 25 న్యూటన్ మీటర్లు.

ఫలితం నిరాశ. టపటప 6 నిమిషాలకు బదులు 4 నిమిషాలుంది, అంతే. మూడు రోజులు చూసి మళ్లీ విప్పాను.

రెండో ప్రయత్నం, 7.5 గంటలు. మొదటిసారే చేయాల్సిన కొలత ఈసారి చేశాను. మానిఫోల్డ్ అంచు మీద ఇనుప స్కేలు నిలువుగా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చాను. 3వ పోర్టు దగ్గర 0.35 మిల్లీమీటర్లు దూరింది. మాన్యువల్ పరిమితి 0.10. ఇంజన్ బాగా వేడెక్కిన రోజే అది వంగి ఉంటుందని నా అంచనా. ఇంత వంకర మీద ఎంత మంచి గాస్కెట్ వేసినా ఆగదు.

1. మానిఫోల్డ్‌ను లేత్ షాపుకి ఇచ్చి ఫేసింగ్ చేయించాను. తిరిగొచ్చాక నేనే మళ్లీ కొలిచాను: 0.04.
2. హెడ్ వైపు ముఖం శుభ్రం చేసి అక్కడా స్కేలు పెట్టాను. బాగుంది.
3. మళ్లీ కొత్త గాస్కెట్. ఒకసారి నలిగినది తిరిగి వాడకూడదు.
4. మధ్య నుంచి చివరలకు, ముందు 12, తర్వాత 25 న్యూటన్ మీటర్లు.
5. ఒకసారి వేడెక్కించి, పూర్తిగా చల్లారాక అన్ని నట్లూ మళ్లీ చూశాను. రెండు కొద్దిగా తిరిగాయి.

టపటప పోయింది. చల్లటి ఇంజన్‌లో 3వ ఇంజెక్టర్ తీసినా ఇప్పుడు శబ్దంలో మార్పు లేదు. మిగిలిన టకటకకు పేలుడుతో సంబంధం లేదని దాంతో తేలిపోయింది.

ఇప్పటిదాకా: 23 గంటలు. మార్చిన భాగాలు 4 (ఫిల్టర్, స్టడ్, గాస్కెట్లు 2). శబ్దాలు 4 అని తేలింది, తగ్గినవి 2.

## దశ 6: టాపెట్ క్లియరెన్స్

ఇక్కడ కూడా మొదటిసారి తప్పు చేశాను. బండి తిప్పి వచ్చిన రెండు గంటలకే టాపెట్ కవర్ విప్పాను. చేతికి చల్లగా తగిలింది కదా అని కొలిచాను. అరగంట తర్వాత అదే వాల్వు మళ్లీ కొలిస్తే అంకె మారింది. కొన్ని చోట్ల 0.04 దాకా తేడా. ఆ కాగితం చింపేశాను. 2 గంటలు పోయాయి. హెడ్ లోపల చల్లారడానికి రాత్రంతా కావాలి.

రెండోసారి, పొద్దున, స్టార్ట్ చేయకుండా:

1. బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. ప్లగ్గులు తీస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది.
2. క్రాంక్ పుల్లీ బోల్టుకి రింగు స్పానర్ పెట్టి, ఇంజన్ నడిచే దిశలోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే చైన్ వదులవుతుంది.
3. 1వ సిలిండర్ కంప్రెషన్ టీడీసీకి (పిస్టన్ గాలిని నొక్కి పైకొసకు చేరిన స్థితికి) తేవాలి. 1వ సిలిండర్ క్యామ్ ముక్కులు రెండూ బకెట్లకు దూరంగా ఉండాలి. అలా లేకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి.
4. ఫైరింగ్ వరుస 1-3-4-2 కాబట్టి ఈ స్థితిలో కొలవగలిగేవి: 1 ఇన్‌టేక్, 1 ఎగ్జాస్ట్, 2 ఇన్‌టేక్, 3 ఎగ్జాస్ట్.
5. క్రాంక్ ఒక పూర్తి చుట్టు తిప్పి మిగతావి: 2 ఎగ్జాస్ట్, 3 ఇన్‌టేక్, 4 ఇన్‌టేక్, 4 ఎగ్జాస్ట్.
6. గేజ్ రేకు కొద్దిగా పట్టుకుంటూ జారాలి. దాని పై సైజు దూరకూడదు. రెండూ చూశాకే అంకె రాయాలి.

పరిమితులు: ఇన్‌టేక్ 0.17 నుంచి 0.23, ఎగ్జాస్ట్ 0.27 నుంచి 0.33 మిల్లీమీటర్లు. ఒక్కో సిలిండర్‌కి ఇన్‌టేక్ రెండు, ఎగ్జాస్ట్ రెండు వాల్వులు, ప్రతి జతలో చైన్ వైపుది ఎ, రెండోది బి.

ఇన్‌టేక్
సిలిండర్ 1: ఎ 0.19, బి 0.18
సిలిండర్ 2: ఎ 0.18, బి 0.19
సిలిండర్ 3: ఎ 0.20, బి 0.18
సిలిండర్ 4: ఎ 0.18, బి 0.19

ఎగ్జాస్ట్
సిలిండర్ 1: ఎ 0.28, బి 0.28
సిలిండర్ 2: ఎ 0.28, బి 0.12
సిలిండర్ 3: ఎ 0.46, బి 0.29
సిలిండర్ 4: ఎ 0.28, బి 0.27

3వ సిలిండర్ ఎ, 0.46. రెండు నెలలుగా నా చెవిలో మోగుతున్నది ఇదే. కానీ నా చెయ్యి ఆగిపోయింది దాని మీద కాదు, దాని పక్కనున్న 0.12 మీద.

0.46 ఉన్న వాల్వు చప్పుడు చేస్తుంది, కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది, కొంచెం ముందుగా మూసుకుంటుంది. ఇంజన్‌కి మంచిది కాదు, కానీ వెంటనే ప్రాణం తీయదు. 0.12 ఉన్నది చప్పుడే చేయదు, మిగతా వాటికంటే మెత్తగా నడుస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనినప్పుడే వదిలించుకుంటుంది. సీటు అరిగిన కొద్దీ వాల్వు పైకి జరిగి సందు ఇంకా తగ్గుతుంది. అది సున్నా అయిన రోజు వాల్వు పూర్తిగా మూసుకోదు, అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది, హెడ్ మళ్లీ దించాలి. ఇప్పటికి 0.12 మిగిలి ఉంది కాబట్టి ఇంకా మూసుకుంటోంది. కంప్రెషన్ పరీక్షలో 174 రావడానికి కారణం అదే.

3వ సిలిండర్ టకటకలాడకపోయి ఉంటే నేను ఈ కవర్ విప్పేవాణ్ణే కాదు. 2వ సిలిండర్ నిశ్శబ్దంగా కాలిపోయేది. ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పటిదాకా: 28.5 గంటలు. మార్చిన భాగాలు 4. శబ్దాలు 4, తగ్గినవి 2.

## దశ 7: ఎందుకు ఇలా, ఎలా సరిచేశాను

మొదట తట్టింది కొత్త బకెట్లు తెప్పించాలనే. ఆర్డర్ పెట్టే ముందు ఒక అనుమానం వచ్చింది.

హెడ్ ఫేసింగ్ చేస్తే టాపెట్ క్లియరెన్స్ మారదు, క్యామ్, వాల్వు రెండూ హెడ్‌లోనే ఉంటాయి కాబట్టి. వాల్వు లాపింగ్ చేస్తే వాల్వు సీటులోకి కొంచెం దిగి, దాని కాడ క్యామ్ వైపు లేస్తుంది, అంటే సందు తగ్గుతుంది. నా అంకెల్లో చాలావరకు మధ్య విలువ కంటే కాస్త తక్కువగా ఉన్నది అందుకే. ఈ రిపేరులో సందును పెంచే పని ఒక్కటీ లేదు. మరి 0.46 ఎక్కడి నుంచి వచ్చింది?

0.30తో పోలిస్తే ఒకటి 0.16 ఎక్కువ, ఇంకొకటి 0.18 తక్కువ. పైగా 2బి, 3ఎ క్యామ్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఈ రెండు బకెట్లు ఒకదాని చోట ఒకటి వెళ్లిపోయాయని అప్పుడు అనిపించింది.

గ్యారేజీకి ఫోన్ చేసి అడిగాను: "అన్నా, బకెట్లు తీసినప్పుడు వరుసలో పెట్టారా?"

"ట్రేలో వరుసగానే పెట్టాం సార్. కడిగేటప్పుడు ఏమైనా తారుమారయ్యాయేమో, చెప్పలేను" అన్నాడు. అతను దాచకుండా చెప్పినందుకు నాకు గౌరవమే కలిగింది. సమాధానం ఎలాగూ మైక్రోమీటర్ చెప్పాలి.

ఎగ్జాస్ట్ క్యామ్ ఒక్కటే తీస్తే చాలు.

1. చైన్ లింకుల మీద, స్ప్రాకెట్ల మీద పెయింట్ గుర్తులు పెట్టాను. ఫోటోలు కూడా తీశాను.
2. నా ఇంజన్‌లో టైమింగ్ కవర్ మీదున్న చిన్న బోల్టు తీస్తే టెన్షనర్‌ను వెనక్కి నొక్కి పిన్ను పెట్టొచ్చు. ఈ వీలు లేని ఇంజన్లలో కవర్ మొత్తం తీయాలి.
3. క్యామ్ క్యాపులను చివరల నుంచి మధ్యకు, ఒక్కో బోల్టును పావు చుట్టు చొప్పున వదులు చేశాను. ఒకేసారి ఒకటి విప్పేస్తే స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ వంగొచ్చు, క్యాపు పగలొచ్చు.
4. అట్ట మీద ఎనిమిది గళ్లు గీసి పేర్లు రాసి, అయస్కాంతంతో ఒక్కో బకెట్ ఎత్తి దాని గడిలోనే పెట్టాను. ఒకటి తీసి పెట్టాకే రెండోదాన్ని ముట్టుకున్నాను.
5. మైక్రోమీటర్‌తో 2బి, 3ఎ మందం మూడేసి సార్లు కొలిచాను.

2బిలో ఉన్నది 3.18 మిల్లీమీటర్లు. 3ఎలో ఉన్నది 3.02. తేడా 0.16.

మార్చి పెడితే 3ఎ సందు 0.46లోంచి 0.16 పోయి 0.30 కావాలి. 2బి సందు 0.12కి 0.16 కలిసి 0.28 కావాలి. రెండూ పరిమితిలోనే. అంత ఖచ్చితంగా సరిపోయినప్పుడు కలిగిన ఆనందం చెప్పలేను. కొత్త భాగం ఒక్కటీ అక్కర్లేదు.

ఇక్కడ తొందరపడలేదు. రెండు బకెట్ల పైముఖాలు, ఆ రెండు క్యామ్ ముక్కులు వెలుతురులో తిప్పి చూశాను. గీతలు, గుంటలు లేవు. ఆయిల్ రాసి ఆ రెంటినీ ఒకదాని చోట ఒకటి మార్చి, మిగతావి వాటి చోట్లలోనే పెట్టాను. క్యాపులు మధ్య నుంచి చివరలకు మూడు విడతల్లో 11 న్యూటన్ మీటర్లకు బిగించాను. టెన్షనర్ పిన్ను తీసి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాను. ఎక్కడా అడ్డుపడలేదు. మొదట చేరిన గుర్తులు మళ్లీ చేరాయి. పెయింట్ లింకులు మాత్రం వెంటనే పాత చోటికి రావు, దానికి కంగారు పడక్కర్లేదు. చూడాల్సింది స్ప్రాకెట్ల గుర్తులు, క్రాంక్ గుర్తు.

మళ్లీ కొలత: 2బి 0.28, 3ఎ 0.30.

చివర్లో ఒక తప్పు. టాపెట్ కవర్ గాస్కెట్ పాతదే వేశాను. మరుసటి రోజు మానిఫోల్డ్ మీద ఆయిల్ కాలిన వాసన. వేడి మానిఫోల్డ్ మీద ఆయిల్ కారడం మంట దాకా పోగల విషయం, అందుకే అదే రోజు మళ్లీ విప్పాను. కొత్త గాస్కెట్ వేసి, టైమింగ్ కవర్ హెడ్‌ను కలిసే రెండు మూలల్లో సిలికాన్ సీలెంట్ చుక్క పెట్టాను. ఆ మూలల్లో చుక్క పెట్టమని మాన్యువల్‌లోనే ఉంది, నేను చదవకుండా దాటేశాను.

ఇప్పటిదాకా: 36 గంటలు. మార్చిన భాగాలు 5. శబ్దాలు 4, తగ్గినవి 3.

## దశ 8: జిర్రు, ఆ తర్వాతి కొలతలు

2,200 దగ్గరి జిర్రు అరగంట పని. సైలెన్సర్ గొట్టం మీది హీట్ షీల్డ్‌కి ఒక బోల్టు లేదు, ఇంకో రంధ్రం తుప్పుపట్టి పెద్దదైంది. వెడల్పాటి స్టీల్ వాషర్, కొత్త బోల్టు. ఆగిపోయింది.

ఇప్పుడు వేడి ఐడిల్‌లో ఫోన్‌ను అదే చోట, అదే దూరంలో పెట్టి రికార్డు చేస్తే 154 మిల్లీసెకన్లకు ఒకసారి లేచే ఆ శిఖరం లేదు. సన్నటి టిక్కుటిక్కు మాత్రం మిగిలింది, దాదాపు 38 మిల్లీసెకన్లకు ఒకటి. నాలుగు ఇంజెక్టర్లు వంతులవారీగా తెరుచుకుంటున్న లయ అది, 154ని నాలుగుతో భాగిస్తే వచ్చేదే. కడ్డీ పెట్టి వింటే నాలుగూ ఒకే స్థాయిలో ఉన్నాయి. దాని జోలికి పోలేదు.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత, రాత్రంతా ఆపి, కవర్ మళ్లీ విప్పాను. ఎగ్జాస్ట్ ఎనిమిదీ కొలిచాను. 3ఎ 0.30. 4బి 0.27, అది అంచు మీదే ఉంది కాబట్టి దాని మీద కన్ను వేయాలి. 2బి 0.28లోనే ఉంది. కంప్రెషన్ 178, 175, 180, 176. చల్లటి స్టార్ట్‌లో గలగల సెకను లోపే. మానిఫోల్డ్ అంచున మసి లేదు.

మొత్తం: 39 గంటలు. మార్చినవి ఫిల్టర్ 1, స్టడ్ 1, మానిఫోల్డ్ గాస్కెట్లు 2, కవర్ గాస్కెట్లు 2 (ఈసారి విప్పినప్పుడు ఇంకొకటి), బోల్టు 1. చోటు మారిన బకెట్లు 2. తగ్గిన శబ్దాలు 4.

తర్వాతి కొలత మీటర్ 95,000 దగ్గర. 4బి 0.27 కంటే కిందికి పడితే కాస్త పల్చటి బకెట్ వేసి, ఆ అంకె కూడా ఇక్కడే రాస్తాను.